బొగ్గుబాయిల సీమలో ఇంగ్లీషు వ్యాకరణం

'సింగరేణి కాలరీస్ కంపెనీ' అని ఇంగ్లీషులో రాసిన తరువాత 'హాజ్' రాయాలా, 'హావ్' రాయాలా? మన ప్రాంతంలో దరఖాస్తు రాసిన ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వచ్చే ఉంటుంది. 'కాలరీస్' బహువచనం. చివర 'ఎస్' స్పష్టంగా కనబడుతోంది. చెయ్యి సహజంగా 'హావ్' వైపు పోతుంది. కానీ అసలు కర్త 'కంపెనీ'. 'కాలరీస్' అనేది ఆ కంపెనీ ఏ పని చేస్తుందో చెప్పడానికి ముందు నిలబడిన మాట మాత్రమే. కంపెనీ ఒక్కటే కనుక 'హాజ్' అనే రాయాలి. క్రియ తన పక్కనున్న మాటను చూడకూడదు, తన యజమానిని చూడాలి. ఇంగ్లీషు వ్యాకరణంలో కర్తకూ క్రియకూ పొందిక అనే అధ్యాయంలో సగం ఈ ఒక్క మాటలోనే ఉంది.

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం అంటే రాజులు, రాజ్యాలు, సమ్మెలు, ఉద్యమాలు ఉంటాయి గానీ వ్యాకరణం ఏమిటని మిత్రులు అనుకోవచ్చు. అయితే ఈ బొగ్గుబాయిల సీమలో ఇంగ్లీషు ఎట్లా వచ్చింది, ఎవరికి ఎంత వచ్చింది, ఎవరికి రాలేదు అనేది కూడా మన చరిత్రే. దాన్ని బట్టే కొందరు కుర్చీలో కూర్చున్నారు, కొందరు కిటికీ బయట నిలబడ్డారు. నాకు తెలిసినంతలో ఆ కథను క్రమంగా మనవి చేస్తాను.

మాటలు ముందు వచ్చాయి

1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్లు కనుగొన్నారు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920 డిసెంబరు 23న ఆ సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అనే పేరుతో నమోదయింది. ఇల్లందు దగ్గరి సింగరేణి అనే పల్లె పేరు అట్లా గోదావరి తీరమంతా పాకి, ఆ పల్లెను ఎన్నడూ చూడని మన శ్రీరాంపూర్ వాళ్ళకు కూడా ఇంటి పేరులా అయిపోయింది.

కంపెనీతో పాటు ఇంగ్లీషు మాటలు దిగాయి. అవి పుస్తకం నుంచి రాలేదు, పలకా బలపం పట్టి నేర్చినవీ కావు. టబ్బు, షిఫ్టు, మస్టరు, ఇంక్లైను, హాలేజి, ఫిల్లరు, ట్రామరు, టింబర్‌మన్, ఓవర్‌మన్, క్యాప్‌ల్యాంపు, రూఫు, పిల్లరు, డిప్పు ఇవన్నీ అక్షరం రాని కార్మికుడి నోట కూడా తెలుగు మాటలైపోయాయి. బొగ్గు తీసేసిన తరువాత వదిలిన ఖాళీ చోటును 'గోఫ్' అంటాము. ఇది ఇంగ్లండు గనుల్లో పుట్టిన మాట. గని ముఖం చూడని ఇంగ్లీషు చదువరికి దీని అర్థం తెలియదు. మన దగ్గర మాత్రం తట్టా చెమ్మసు పట్టిన ప్రతి మనిషికీ తెలుసు, ఎందుకంటే గోఫు పక్కకు పోకూడదన్నది ప్రాణానికి సంబంధించిన సంగతి.

మాటలు ఒకవైపే నడవలేదు. గనిలో ఒక బాధ్యతగల పర్యవేక్షకుణ్ణి 'సర్దార్' అంటారు. ఫారసీ నుంచి ఉర్దూలోకి, అక్కడి నుంచి గనుల్లోకి వచ్చిన ఈ మాట 1957 బొగ్గుగనుల నిబంధనల ఇంగ్లీషు ప్రతిలో కూడా 'సర్దార్'గానే నిలిచింది. దానికి సరిపడే మాట దొరల భాషలో వెతకలేదు. అంతకన్నా పాత ఉదాహరణ మన పందికొక్కు. ఆ తెలుగు పేరే ఇంగ్లీషులో 'బాండికూట్' అయింది. హాబ్సన్ జాబ్సన్ అనే ప్రసిద్ధ నిఘంటువులో ఈ వివరం ఉంది. ఆ నిఘంటువు అచ్చయిన సంవత్సరం కూడా 1886 కావడం విశేషం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వచ్చినవన్నీ చాలావరకు పేర్లే, అంటే నామవాచకాలే. ఇంగ్లీషు క్రియను మనం దాని వేషంతో రానివ్వలేదు. 'మస్టర్ పడ్డది', 'షిఫ్టు దిగిండు', 'లోడింగ్ అయింది', 'సస్పెండ్ చేసిండ్రు', 'అన్‌ఫిట్ అయిండు' అంటాము. ముందు మాట దొరది, వెనుక క్రియ మనది. ఎవరు చేశారు, ఒకరా పదిమందా, ఆడా మగా అనే భారమంతా ఆ 'పడ్డది', 'దిగిండు', 'చేసిండ్రు' అనే తెలుగు చివరలే మోశాయి. అందువల్ల ఇంగ్లీషు మాటలు వందలకొద్దీ వచ్చిన మనిషికి కూడా ఇంగ్లీషు వాక్యం ఒక్కటీ రాలేదు. పేర్లు పనిలో పనిగా అబ్బాయి. వాక్యం నేర్వడానికి మాత్రం బడికి పోవలసి వచ్చింది.

ఉర్దూ కచేరీ రోజులు

బడికి పోయినా అక్కడ ఇంగ్లీషు వెంటనే దొరకలేదు. నిజాం రాజ్యంలో 1880ల దశకంలో ఫారసీ స్థానంలో ఉర్దూ కచేరీ భాష అయింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం పై చదువులన్నీ ఉర్దూలోనే చెప్పింది. ఇంగ్లీషు తప్పనిసరి పాఠంగా ఉన్నా, బోధనా భాష కాదు. ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల తెలుగు పిల్లవాడు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, కచేరీలో అదే ఉర్దూ లిపి అన్నట్లు పెరిగాడు. దరఖాస్తు, మిసల్, పేషీ, సిఫార్సు, తహసీలు వంటి మాటలు అట్లా మన సొంతమయ్యాయి.

ఉర్దూలో కర్తకూ క్రియకూ ఉండే పొందిక మరో తీరు. రొట్టె అక్కడ స్త్రీలింగం. పిల్లవాడు రొట్టె తిన్నాడని చెప్పాలంటే 'లడ్కేనే రోటీ ఖాయీ' అనాలి. తిన్నవాడు మగవాడైనా క్రియ రొట్టెను అనుసరిస్తుంది. పిల్ల మామిడిపండు తింటే 'లడ్కీనే ఆమ్ ఖాయా'. తిన్నది ఆడపిల్లే, కానీ పండు పుంలింగం. మన ఊళ్ళల్లో మాట్లాడే దక్కనీలో ఈ 'నే' తరచుగా జారిపోతుంది. కాబట్టి వీధిలో ఉర్దూ ధారాళంగా మాట్లాడేవారు కూడా కాగితం మీద ఈ సూత్రాన్ని ప్రత్యేకంగా నేర్వవలసి వచ్చేది. ఒక తరం గుమాస్తాలు, అప్పటి మాటలో అహల్కార్లు, ఇట్లా కష్టపడి క్రియను అదుపులోకి తెచ్చుకున్నారు.

1948 తరువాత

1948 సెప్టెంబరు 17 తరువాత ఆ కష్టమంతా ఒక్కసారిగా పాతబడింది. పోలీసు చర్య దరిమిలా మద్రాసు, బొంబాయి మొదలైన రాష్ట్రాల నుంచి అధికారులు వచ్చారు. కచేరీలో ఇంగ్లీషు ప్రవేశించింది. ఉస్మానియాలో బోధన ఇంగ్లీషులోకి మారింది. ఉర్దూలో చక్కని ముసాయిదా రాయగల మనిషి ఇంగ్లీషు ఫైలు ముందు తెల్లముఖం వేశాడు. చదువు లేక కాదు, చదువు వేరే భాషలో ఉండిపోవడం వల్ల. బయటివారికే ఉద్యోగాలు పోతున్నాయన్న ఆవేదన 1952లో ముల్కీ ఉద్యమంగా వచ్చింది. ఆ సెప్టెంబరులో హైదరాబాదులో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ ఉద్యమపు నినాదం 'గో బ్యాక్' కూడా ఇంగ్లీషు మాటే కావడం గమనార్హం. ఆజ్ఞార్థక క్రియకు ఏ పొందిక సూత్రమూ అక్కరలేదు. కోపంలో పలికే ఇంగ్లీషు ఎవరికైనా వస్తుంది. ఫైలులో రాసే ఇంగ్లీషుకే సూత్రాలు కావాలి.

1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో కూడా భాష సంగతి ఉంది. తెలంగాణ పరిపాలనలో, కోర్టుల్లో ఉర్దూకున్న స్థానం ఐదేళ్ళు కొనసాగాలనీ, ఉద్యోగంలో చేరేటప్పుడు తెలుగు రావాలని పట్టుబట్టకుండా రెండేళ్ళలో పరీక్ష పాసు కమ్మనాలనీ అందులో రాసుకున్నారు. పాత మిసళ్ళు ఉర్దూ, కొత్త ఫైళ్ళు ఇంగ్లీషు, ఎదురుగా నిలబడ్డ రైతు తెలుగు. ఆనాటి తెలంగాణ గుమాస్తా మూడు భాషల కూడలిలో కూర్చున్నాడు. ఫైళ్ళ నడక కూడా మద్రాసు రాజధానిలో పుట్టిన టాటెన్‌హామ్ పద్ధతికి మారింది.

అప్పుడు అందరికీ ఆధారం వ్యాకరణ పుస్తకాలే. అంతకు ముందు తరానికి నెస్‌ఫీల్డ్, మన తరానికి రెన్ అండ్ మార్టిన్. 1930ల దశకంలో వచ్చిన ఈ పుస్తకం రాసిన ఇద్దరిలో పి. సి. రెన్ అప్పటి బొంబాయి రాజధాని విద్యాశాఖలో పనిచేశారు. ఆయన నవలా రచయిత కూడా. 1924లో వచ్చిన 'బో జెస్ట్' అనే నవలతో ఆయనకు పేరు వచ్చింది. మనం కొన్న ఆ వ్యాకరణం అట్ట మీద సవరించినవారు ఎన్. డి. వి. ప్రసాదరావు గారని ఉండేది. ఆ పేరు చూసి కొంత ధైర్యం కలిగేది. అర్థాలకు శంకరనారాయణ నిఘంటువు. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఏర్పడింది. అదే నేటి ఇఫ్లూ. దేశంలోని ఇంగ్లీషు ఉపాధ్యాయులకు అది శిక్షణ ఇచ్చింది.

కొత్త మాటలు ఎన్ని నేర్వాలన్న దానికి కూడా లెక్కలు వచ్చాయి. బెంగాలులో చాలాకాలం పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే విద్యావేత్త అక్కడి పిల్లలను గమనించి, ఎక్కువగా వాడే మాటలు ముందు నేర్పాలన్నారు. 1953లో ఆయన వెలువరించిన జాబితాలో సుమారు 2,000 ముఖ్య పదాలు ఉన్నాయి. మన బాయి మాటలు అట్లా జాబితా చూసి నేర్చినవి కావు. ఏ మాట రోజూ అవసరమో ఆ మాటే నిలిచింది. వెస్ట్ దొర పరిశోధించి చెప్పిన సూత్రం మన కార్మికులు ఆచరణలో ముందే చూపించారు.

ఒక్క 'ఎస్' కథ

మన పిల్లలు ఎక్కువగా తడబడేది చివరి 'ఎస్' దగ్గర. పేరుకు 'ఎస్' చేరిస్తే బహువచనం అవుతుంది. క్రియకు 'ఎస్' చేరిస్తే ఏకవచనం అవుతుంది. 'బాయ్ ప్లేస్', 'బాయ్స్ ప్లే'. ఇదేమి న్యాయమని అడగని విద్యార్థి ఉండడు. పాతకాలపు ఉపాధ్యాయులు చెప్పే ఉపాయం ఒకటుంది: 'ఎస్' ఒక్కటే, అది కర్తకైనా వెళ్ళాలి, క్రియకైనా వెళ్ళాలి. అన్నిచోట్లా కాకపోయినా చాలాచోట్ల ఈ ఉపాయం పనిచేస్తుంది. నిజానికి అవి రెండు వేరువేరు 'ఎస్'లు. వాటికి చుట్టరికం లేదు.

ప్రాచీన ఇంగ్లీషులో క్రియకు మన భాషలో లాగే పురుషను బట్టి, వచనాన్ని బట్టి చివరలు మారేవి. కాలక్రమంలో అవి అరిగిపోయాయి. ప్రథమ పురుష ఏకవచనానికి మాత్రం దక్షిణాదిన 'ఎత్', ఉత్తరాదిన 'ఎస్' మిగిలాయి. 1611 నాటి బైబిలులో 'గోయెత్' వంటి రూపాలు ఉన్నాయి. అదే కాలపు షేక్‌స్పియర్ నాటకాల్లో రెండూ కనిపిస్తాయి. తరువాత 'ఎస్' గెలిచింది. అంటే మనం తప్పు రాసి మార్కులు పోగొట్టుకున్న ఆ 'ఎస్' ఒక పెద్ద ఇల్లు కూలిపోగా మిగిలిన చివరి స్తంభం.

టైపు నేర్చిన మిత్రులకు నక్క వాక్యం గుర్తుండే ఉంటుంది. చురుకైన నక్క బద్ధకపు కుక్క మీదుగా దూకుతుంది. ఇరవై ఆరు అక్షరాలూ అందులో వస్తాయని దాన్ని ఎన్నివందల సార్లు కొట్టించారో! ఆ వాక్యంలో 'ఎస్' అక్షరం 'జంప్స్' అనే క్రియ చివర ఒక్కచోటే ఉంది. 'జంప్డ్' అని కొడితే ఇరవై ఐదు అక్షరాలే వస్తాయి. కర్తకూ క్రియకూ పొందిక లేకపోతే ఆ వాక్యానికి పనే లేదు.

మరో చిక్కు పేర్ల దగ్గర ఉంది. ఇంగ్లీషులో 'ఫస్ట్ పర్సన్' అంటే నేను, మేము. మన వ్యాకరణంలో అది ఉత్తమ పురుష. మన 'ప్రథమ పురుష' అంటే వాడు, ఆమె, అది. వారి లెక్కలో అది 'థర్డ్ పర్సన్'. ప్రథమ అంటే ఫస్ట్ అనుకొని బోల్తాపడినవారు ఎందరో ఉన్నారు.

'యూ ఆర్' సంగతి కూడా ఇంతే. ఎదుట ఉన్నది ఒక్కరే అయినా 'ఆర్' ఎందుకు? 'యూ' మొదట బహువచనం. ఒక్కరిని అనడానికి 'దౌ' ఉండేది. గౌరవం కోసం ఒక్కరిని కూడా 'యూ' అనడం అలవాటై, చివరికి 'దౌ' మూలకు పోయింది. మన 'మీరు' కూడా అంతే కదా. మనం 'నువ్వు'ను అట్టిపెట్టుకున్నాం, వారు వదిలేశారు. 18వ శతాబ్దంలో ఒక్కరినే ఉద్దేశించి 'యూ వాజ్' అనేవారూ ఉండేవారు. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ అది తప్పని తేల్చారు. నేడు ఇంగ్లీషువాడు పసిపిల్లనూ, పెంపుడు కుక్కనూ కూడా 'మీరు' అనే అంటున్నాడన్నమాట.

తాళంచెవి మన దగ్గరే ఉంది

తెలుగువారికి పొందిక కొత్త కాదు. మన భాషలోనే అది ఎక్కువ. వచ్చాను, వచ్చాము, వచ్చావు, వచ్చారు, వచ్చాడు, వచ్చింది, వచ్చాయి. ఏడు రూపాలు. వీటన్నిటికీ ఇంగ్లీషులో 'కేమ్' ఒక్కటే. 'వచ్చిండు' అనగానే వచ్చినవాడు ఒకడని, మగవాడని మనకు తెలుస్తుంది. కర్తను వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు క్రియ ఆ సంగతి చెప్పలేదు కాబట్టి 'హి' అనో 'దే' అనో ముందు తప్పక పెట్టాలి. మన పిల్లలు కర్తను వదిలేసి ఇంగ్లీషు రాయడానికి కారణం అజ్ఞానం కాదు, సొంత భాష అలవాటు.

మన క్రియ మారని చోట్లు కూడా ఉన్నాయి. నేను రాలేదు, ఆమె రాలేదు, వాళ్ళు రాలేదు: రూపం ఒక్కటే. ఇంగ్లీషులో 'డిడ్ నాట్ కమ్' కూడా ఎవరికైనా ఒక్కటే. రావాలి, రావచ్చు, రాకూడదు అనేవి మనకు కర్తను బట్టి మారవు. వాటికి సరిపోయే 'మస్ట్', 'మే', 'షుడ్ నాట్' కూడా మారవు. వాటికి 'ఎస్' ఎన్నటికీ చేరదు. ఇక రాను, రావు, రాడు, రాదు, రారు అనేవి మారతాయి. ఇంగ్లీషులో 'డూ నాట్', 'డజ్ నాట్' కూడా మారతాయి. జరిగిపోయిన దాన్ని చెప్పే 'వచ్చాడు' దగ్గర మాత్రం దారులు వేరు. మనది మారుతుంది, వారిది మారదు. ఇంట్లో మనుమలకు ఈ నాలుగు ముక్కలు చెప్పి చూడండి. సూత్రాలు బట్టీపట్టించే పని సగం తగ్గుతుంది.

గౌరవం దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. 'నాన్నగారు వచ్చారు' అని బహువచనంలో అనడం మన మర్యాద. 'మై ఫాదర్ హాజ్ కమ్' అని ఏకవచనం రాస్తుంటే నాన్నను తక్కువ చేసినట్లు మనసుకు తోస్తుంది. 'హావ్' రాయాలనిపిస్తుంది. ఆ తప్పు వెనుక ఉన్నది మర్యాదే, కానీ పరీక్షలో మర్యాదకు మార్కులు వేయరు.

'గవర్నమెంట్ హావ్' ఎందుకు?

ప్రభుత్వ ఉత్తర్వులు చదివిన వారికి మరో వింత తెలుసు. 'గవర్నమెంట్' ఏకవచనం కదా, జీ.వో.లలో 'గవర్నమెంట్ హావ్' అని ఉంటుంది. బడిలో తప్పని కొట్టేసిన మాట సచివాలయం నుంచి సంతకంతో వస్తే చేరిన కొత్తలో ఏ గుమాస్తాకైనా తికమకే. ఇది తప్పు కాదు, బ్రిటిష్ సంప్రదాయం. కమిటీ, ప్రభుత్వం వంటి వాటిని ఒక వస్తువుగా భావిస్తే ఏకవచనం, అందులోని మనుషులుగా భావిస్తే బహువచనం. మద్రాసు కచేరీల నుంచి ఈ అలవాటు మన ఉత్తర్వులకు వచ్చింది.

మనకు ఇది పరాయిది కూడా కాదు. 'ప్రభుత్వం ఆదేశించింది' అంటాము, 'ప్రభుత్వంవారు ఆదేశించారు' అనీ అంటాము. కుంపిణీవారు, సర్కారువారు, కంపెనీవాళ్ళు అన్న మాటలు మన పెద్దల నోట విన్నవే. 'గవర్నమెంట్ హావ్' అంటే 'ప్రభుత్వంవారు' అని అర్థం చేసుకుంటే చిక్కు విడిపోతుంది.

ఒక్కొక్కప్పుడు ఈ చిన్న క్రియలో దేశాల చరిత్ర కనిపిస్తుంది. అమెరికా రాజ్యాంగం 1787లో రాసినప్పుడు యునైటెడ్ స్టేట్స్‌ను బహువచనంగా, 'అవి' అన్నట్లుగా పేర్కొన్నారు. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణలో కూడా బహువచనమే ఉంది. రాష్ట్రాల గుంపు ఒకే దేశమన్న భావన బలపడిన కొద్దీ 'ఆర్' పోయి 'ఈజ్' స్థిరపడింది. మన చట్టాలు రాసినవారు ముందుజాగ్రత్తగా 1897 జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షనులో ఏకవచనంలో బహువచనం, బహువచనంలో ఏకవచనం చేరి ఉంటాయని రాసిపెట్టారు. వచనం సాకుతో ఎవరూ తప్పించుకోకూడదని వారి ఉద్దేశం.

పింఛనుదారుకు పనికివచ్చేవి

రోజూ మనకు తగిలే కొన్ని ఉదాహరణలు:

1. 'పెన్షన్' ఏకవచనం, 'ఈజ్'. 'అరియర్స్' ఎంత తక్కువైనా బహువచనమే, 'ఆర్'. 'శాలరీ ఈజ్', కానీ 'వేజెస్ ఆర్'. ( 'వేజెస్'ను ఏకవచనంగా వాడిన ప్రసిద్ధ వాక్యం 1611 బైబిలులో ఉంది. అది పాత వాడుక.)

2. 'న్యూస్' చివర 'ఎస్' ఉన్నా ఏకవచనం.

3. 'వన్ ఆఫ్ ద పెన్షనర్స్' అన్నప్పుడు మాట్లాడేది ఒక్కరి గురించి, కనుక 'ఈజ్'.

4. 'ద నంబర్ ఆఫ్ టబ్స్' అంటే టబ్బుల సంఖ్య, కనుక 'ఈజ్'. 'ఎ నంబర్ ఆఫ్ టబ్స్' అంటే చాలా టబ్బులు, కనుక 'ఆర్'.

5. 'ఐదర్, ఆర్' వచ్చినప్పుడు క్రియ తనకు దగ్గరున్న కర్తను చూస్తుంది. భార్య గానీ పిల్లలు గానీ అని రాస్తే చివర పిల్లలున్నారు కనుక 'ఆర్'.

వాక్యం తెలిసినవాడి చెయ్యి పైన

ఇదంతా వినోదానికి చెప్పడం లేదు. 'అన్‌ఫిట్', 'డిపెండెంట్', 'ఛార్జిషీట్', 'ఎక్స్‌ప్లనేషన్' అనే నాలుగు మాటలు మన ప్రాంతంలో ఎన్ని కుటుంబాల తలరాతలు మార్చాయో చెప్పనక్కరలేదు. ఆ మాటలు అందరికీ తెలుసు. ఆ మాటల చుట్టూ ఉన్న ఇంగ్లీషు వాక్యం కొద్దిమందికే తెలుసు. నోటీసు చేతికి వచ్చిన మనిషి దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకొని, చదివి చెప్పే వారి కోసం తిరిగేవాడు. జవాబు కూడా మరొకరు రాస్తే తాను వేలిముద్ర వేసేవాడు. తన తరఫున 'ఐ అడ్మిట్' అని రాశారో, 'ఐ డూ నాట్ అడ్మిట్' అని రాశారో తెలుసుకునే దారి అతనికి లేదు. ప్రభుత్వ కార్యాలయం, పరిశ్రమ అనే తేడా లేకుండా ఆ రోజుల్లో అంతటా ఇదే తీరు.

చట్టం ఈ బాధను గుర్తించకపోలేదు. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం ఆ నియమాలను ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ బోర్డు మీద పెట్టాలని చెప్పింది. 1952 గనుల చట్టం కూడా సారాంశాన్ని ఇంగ్లీషుతో పాటు నిర్ణయించిన ఇతర భాషల్లో పెట్టమన్నది. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య గారు అధ్యక్షులుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. తెలుగులో ఫైళ్ళు నడపమని వారు ఊరూరా తిరిగి చెప్పారు. కొంత జరిగింది. అయితే పై నుంచి వచ్చే ముఖ్యమైన ఉత్తర్వు ఇంగ్లీషులోనే వచ్చినంతకాలం కింద రాసే జవాబు కూడా ఆ దారినే పోయింది.

2022–23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు అచ్చువేశారు. ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చదివించే ఓపిక ఉన్న పెద్దలు ఇంట్లో ఉంటే ఆ పిల్లలకు రెండు భాషలూ వస్తాయి. ఆ ఓపిక, తీరిక ప్రస్తుతం మన దగ్గరే ఉన్నాయి.

చివరగా ఒక మనవి. పిల్లలకు ఇప్పుడు ఇంగ్లీషు వాక్యం వస్తున్నది. మన పాత బాయి మాటలు మాత్రం పోతున్నాయి. తట్టతో బొగ్గు నింపే పని పోయింది, యంత్రాలు వచ్చాయి. ఓపెన్‌కాస్టులు పెరిగాయి. ఫిల్లరు, ట్రామరు అంటే మనుమలకు అర్థం కావడం లేదు. గనిలో పనిచేసి దిగిన మిత్రులు మన మధ్య ఇంకా ఉన్నారు. సంఘం తరఫున ఒక నోటుబుక్కు పెట్టి, ఒక్కొక్కరు చెప్పే బాయి మాటలను, వాటి అర్థాన్ని, అవి వాడే వాక్యంతో సహా రాయించాలని నా కోరిక. మాట ఒక్కటే రాస్తే చాలదు. 'మస్టర్' అని రాసి వదలకుండా 'మస్టర్ పడ్డది' అని రాయాలి. రాసిపెట్టే పని నేను చేస్తాను. చెప్పేవారు ముందుకు రావలసిందిగా మనవి.